గాలిలో తేలేవాణ్ణి మోసేదెవరు?

పరీక్షలో ఫస్టు క్లాసు వచ్చిన కుర్రవాణ్ణి చూసి "వాడు గాలిలో తేలిపోతున్నాడు" అంటాం. కోరిన ఉద్యోగం దొరికినవాడికి "కాళ్ళు నేలమీద ఆనడం లేదు" అంటాం. చేతిలో చిల్లిగవ్వ లేకుండా పెద్ద పెద్ద పథకాలు వేసేవాడు "గాలిలో మేడలు కడుతున్నాడు". అప్పు తీరిపోతే "గుండెల మీది బరువు దిగింది, తేలికపడ్డాను" అని ఊపిరి పీల్చుకుంటాం. ఊళ్ళో తగవు తీరితే "తేలిపోయింది" అంటాం. తీరకపోతే "ఇంకా ఎటూ తేలలేదు" అంటాం.

చూశారా, తేలడం అనే ఒక్క మాట మన నోట ఎన్ని వేషాలు వేస్తుందో! సంతోషమైతే తేలతాం. దుఃఖమైతే గుండె బరువెక్కుతుంది. బరువు కిందికి లాగుతుందనీ, ఆ బరువునుంచి బయటపడితే హాయిగా ఉంటుందనీ మనిషికి పుట్టినప్పటినుంచీ తెలుసు. అందుకే అన్ని దేశాల కథల్లోనూ గాలిలో ఎగిరే మనుషులున్నారు.

మీరు తెలుగు వ్యాకరణంలో గురువు, లఘువు అని నేర్చుకుంటారు. గురువంటే బరువైనది, లఘువంటే తేలికైనది. 'గురుత్వాకర్షణ'లో ఉన్నదీ ఆ గురువే. భౌతికశాస్త్రంలో 'గరిమనాభి' అని చదువుతారే, అందులోని గరిమ అంటే కూడా బరువే. అణిమ, మహిమ, గరిమ, లఘిమ అంటూ పెద్దలు చెప్పే ఎనిమిది సిద్ధుల్లో గరిమ అంటే కొండంత బరువైపోవడం. లఘిమ అంటే దూదిపింజలా తేలికైపోవడం. ఇంగ్లీషువాళ్ళ 'గ్రావిటేషన్' అనే మాట లాటిన్ 'గ్రావిస్' నుంచి, 'లెవిటేషన్' అనే మాట 'లెవిస్' నుంచి వచ్చాయి. ఆ గ్రావిస్, మన గురు ఒకే మూలంనుంచి పుట్టిన అన్నదమ్ములనీ, లెవిస్, మన లఘు కూడా అలాంటివేననీ భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. అంటే గ్రావిటేషనూ లెవిటేషనూ మనకు కొత్తవి కావు. గరిమా లఘిమా వేరే వేషాల్లో వచ్చాయంతే!

ఈ లఘిమ నిజంగా సాధ్యమా? ఏ ఆధారమూ లేకుండా ఒక వస్తువు గాలిలో నిలబడగలదా? ఇంద్రజాలికుడు నిలబెట్టి చూపిస్తాడు. శాస్త్రజ్ఞుడూ నిలబెట్టి చూపిస్తాడు. ఇద్దరిలో ఎవరిని ఎంతవరకు నమ్మాలి?

దీన్ని తేల్చుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు. ఆ ప్రశ్న ఏమిటో చూద్దాం.

త్రిశంకుడి చిక్కు

త్రిశంకు మహారాజు కథ మీకు తెలిసిందే. బొందితోనే స్వర్గానికి పోవాలని ఆయన కోరిక. విశ్వామిత్రుడు తన తపశ్శక్తితో ఆయన్ని పైకి పంపాడు. ఇంద్రుడు కిందికి తోసేశాడు. తలకిందులుగా పడిపోతున్న రాజు కేకలు వేస్తే, విశ్వామిత్రుడు "అక్కడే ఆగు" అన్నాడు. రాజు నడిమధ్యలో ఆగిపోయాడు. ఇప్పటికీ ఏ సంగతీ అటూ ఇటూ కాకుండా ఆగిపోతే 'త్రిశంకు స్వర్గం' అంటాం.

కథ కథే అయినా, ఇందులో ఒక భౌతికశాస్త్ర సూత్రం దాగి ఉంది. ఇంద్రుడు కిందికి తోశాడు, విశ్వామిత్రుడు పైకి నెట్టాడు. రెండు బలాలూ సమానమైనప్పుడే రాజు కదలకుండా ఆగాడు. ఇంద్రుడి బలం ఎక్కువైతే కింద పడేవాడు. విశ్వామిత్రుడిది ఎక్కువైతే స్వర్గం చేరేవాడు.

మన లోకంలో ఇంద్రుడి పని భూమి చేస్తుంది. ప్రతి వస్తువునూ తన కేంద్రం వైపు లాగుతుంది. ఆ లాగుడునే బరువు అంటున్నాం. మీరు కుర్చీలో కూర్చుంటే కుర్చీ మిమ్మల్ని పైకి నెడుతుంది. కుర్చీని నేల నెడుతుంది. మీ బరువు ఎక్కడా మాయం కాలేదు. చేతులు మారుతూ చివరికి నేలకు చేరిందన్నమాట.

ఇప్పుడు ఒక వస్తువు గాలిలో కదలకుండా నిలబడి ఉందనుకోండి. దాని బరువు కూడా ఎవరో ఒకరు మోస్తూ ఉండాలి. మోసేవాడు మన కంటికి కనిపించకపోవచ్చు. కాని వాడు ఉండి తీరాలి. పైగా న్యూటన్ మూడో సూత్రం ప్రకారం, మోసేవాడి మీద ఆ బరువంతా పడి తీరాలి.

కాబట్టి గాలిలో తేలే దేన్ని చూసినా మనం వేయవలసిన ప్రశ్న ఇదే: "దీన్ని మోసేదెవరు?"

మిమ్మల్ని మోస్తున్న 60 గ్రాములు

ముందు గాలిని అడుగుదాం. గాలికి బరువు లేదనుకుంటాం గాని, ఒక ఘనమీటరు గాలి సుమారు 1.2 కిలోగ్రాములుంటుంది. అంటే లీటరుకు 1.2 గ్రాములు. నీటిలో మునిగిన వస్తువును, అది తొలగించిన నీటి బరువుకు సమానమైన బలం పైకి నెడుతుందని ఆర్కిమెడిస్ చెప్పాడు. గాలిలో మునిగిన వస్తువుకూ అదే లెక్క.

మనమందరం గాలిలో మునిగే ఉన్నాం కదా! 50 కిలోల మనిషి ఒళ్ళు సుమారు 50 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. అంత చోటులో పట్టే గాలి బరువు 50 × 1.2 = 60 గ్రాములు. అంటే ఈ క్షణంలో గాలి మిమ్మల్ని 60 గ్రాముల మేరకు మోస్తోంది! మిగతా 49 కిలోల 940 గ్రాములు నేల మోస్తోంది.

లఘిమా సిద్ధి కావాలనుకునేవాడు చేయవలసిందల్లా ఒక్కటే. ఒంటి పరిమాణం తగ్గకుండా బరువు మాత్రం 60 గ్రాములకు తగ్గించుకోవాలి! మనిషి వల్ల అది కాదు గాని, బుడగ వల్ల అవుతుంది. 1783లో ఫ్రాన్సు దేశంలో మాంట్‌గోల్ఫియే సోదరులు పెద్ద సంచీలో వేడిగాలి నింపి అదే చేశారు. వేడిగాలి చల్లని గాలికంటే పలచన. అందుకే సంచీ పైకి లేచింది. ఆ ఏడాది నవంబరు 21న ఇద్దరు మనుషులు అలాంటి బుడగలో పారిస్ మీదుగా ప్రయాణం చేశారు. వాళ్ళను మోసినవాడు బయటి గాలి.

గాలి ఇంకో విధంగా కూడా మోస్తుంది. బొప్పాయి ఆకు కాడ తీసుకోండి. లోపల గొట్టంలా ఉంటుంది. దాన్ని పైకి వంచి పట్టుకుని, కొసన చిన్న థర్మోకోల్ ఉండ పెట్టి మెల్లగా ఊదండి. ఉండ గాలిలో నిలబడి నాట్యం చేస్తుంది. మీరు ఊదిన గాలి ఉండను పైకి నెడుతుంది. ఉండ గాలిని కిందికి నెడుతుంది. ఊపిరి ఆగితే ఉండ కింద పడుతుంది. ఇక్కడ మోసేవారు మీరే!

కాటా అబద్ధం చెప్పదు

ఇప్పుడు మీరు స్వయంగా చేయదగిన ప్రయోగం ఒకటి చెబుతాను. మధ్యలో రంధ్రం ఉన్న గుండ్రటి అయస్కాంతాలు రెండు సంపాదించండి. ఒక మట్టి ముద్దలో పెన్సిలు నిలువుగా గుచ్చండి. ఎలక్ట్రానిక్ కాటా మీద మందమైన పుస్తకం పెట్టి దాని మీద ఈ మట్టి ముద్దను నిలబెట్టండి. (పుస్తకం ఎందుకంటే, కాటా పళ్ళెం ఇనుముదైతే అయస్కాంతం దాన్ని లాగి లెక్క చెడగొడుతుంది.)

మొదట రెండు అయస్కాంతాలూ ఒకదానికొకటి అంటుకునేలా పెన్సిలుకు తొడగండి. కాటా ఎంత చూపుతోందో రాసుకోండి. ఇప్పుడు పైదాన్ని తీసి తిరగేసి తొడగండి. సజాతి ధ్రువాలు ఎదురెదురుగా వచ్చాయి. సజాతి ధ్రువాలు వికర్షించుకుంటాయి కదా! పై అయస్కాంతం కిందిదాన్ని తాకకుండా ఒకటి రెండు అంగుళాల ఎత్తున ఆగిపోతుంది. మధ్యలో కాగితం దూర్చి అటూ ఇటూ తిప్పి చూడండి, ఏమీ అడ్డురాదు.

ఇప్పుడు కాటా ఎంత చూపుతుంది? పై అయస్కాంతం తేలుతోంది కాబట్టి దాని బరువు తగ్గుతుందా? ముందు మీరు ఏమనుకుంటున్నారో ఒక కాగితం మీద రాసుకుని, తర్వాత చూడండి.

కాటా అదే బరువు చూపుతుంది! ఒక్క గ్రాము కూడా తగ్గదు. పై అయస్కాంతం కిందిదాన్ని ఎంత బలంతో కిందికి నెడుతోందో, కిందిది పైదాన్ని అంతే బలంతో పైకి నెడుతోంది. పైదాని బరువు కనిపించని దారిన కిందిదానికీ, దాన్నుంచి పుస్తకానికీ, అక్కడినుంచి కాటాకీ చేరింది.

గుర్తుంచుకోండి: తేలడమంటే బరువు పోవడం కాదు. బరువు మోసేవాడు మారడం.

పెన్సిలు తీసేస్తే?

ఆ ప్రయోగంలో ఇంకో రహస్యం ఉంది. పెన్సిలు తీసేసి, ఒక అయస్కాంతం మీద ఇంకోదాన్ని ఊరికే తేల్చడానికి ప్రయత్నించండి. గంటసేపు కుస్తీ పట్టినా సాధ్యం కాదు. పైది పక్కకు జారిపోతుంది, లేదా గిరుక్కున తిరిగి కిందిదానికి అతుక్కుంటుంది. మీ చేతివాటం చాలకపోవడం వల్ల కాదు సుమా! 1842లో శామ్యూల్ ఎర్న్‌షా అనే ఇంగ్లండు గణితవేత్త దీని సంగతి లెక్కకట్టి తేల్చాడు. కదలని మామూలు అయస్కాంతాల బలంతో మాత్రమే ఒక అయస్కాంతాన్ని గాలిలో స్థిరంగా నిలపడం అసాధ్యమని ఆయన సిద్ధాంతం చెబుతుంది.

గిన్నె లోపల గోళీ వేస్తే, కాస్త కదిపినా మళ్ళీ అడుక్కే వస్తుంది. అది స్థిరమైన నిలకడ. గిన్నె బోర్లించి దాని మీద గోళీ పెడితే, ఎటు కదిపినా జారిపోతుంది. అది అస్థిరం. గుర్రపు జీను మీద గోళీ పెడితే? ముందు వెనకలకు కదిపితే తిరిగి వస్తుంది, పక్కలకు కదిపితే జారిపోతుంది. అయస్కాంతాలు కల్పించే నిలకడ ఈ జీను వంటిది. పైకీ కిందికీ జారకుండా ఉంటే పక్కకు జారుతుంది. పక్కకు జారకుండా ఉంటే పైకో కిందికో జారుతుంది. ఆ జారుడును పెన్సిలు ఆపుతోందన్నమాట.

ఇలా దారి మూసుకుపోతే శాస్త్రజ్ఞులు ఊరుకుంటారా? సిద్ధాంతంలో ఉన్న షరతులు ఏమిటో జాగ్రత్తగా చదివారు. 'కదలని' అయస్కాంతాలు అన్నాడు ఎర్న్‌షా. బలాన్ని క్షణక్షణమూ మారుస్తూ ఉంటే? 'మామూలు' అయస్కాంతాలు అన్నాడు. పదార్థమే మామూలుది కాకపోతే? ఆ షరతుల సందుల్లోంచే కొత్త దారులు దొరికాయి.

చక్రాలు ఆనని రైలు

మొదటి దారి: కాపలా కాయడం. మీరు అరచేతిలో కర్రను నిలువుగా నిలబెట్టే ఆట ఆడి ఉంటారు. కర్ర ఎటు వాలితే చేతిని అటు జరుపుతారు. కర్ర నిలకడ కర్రలో లేదు. మీ కంటిలోనూ చేతిలోనూ ఉంది. విద్యుదయస్కాంతంతో ఇదే పని చేయవచ్చు. కరెంటు పెంచితే దాని బలం పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది.

చైనాలోని షాంఘై నగరంలో ఈ పద్ధతిన నడిచే రైలు 2004లో ప్రయాణికుల కోసం పని ప్రారంభించింది. మార్గం సుమారు 30 కిలోమీటర్లు. రైలు పెట్టె అంచులు దారి కిందికి వంగి ఉంటాయి. ఆ అంచుల్లో ఉన్న విద్యుదయస్కాంతాలు పైనున్న ఇనుప పట్టాల వైపు లాగబడి, రైలును పైకెత్తుతాయి. మధ్యలో ఖాళీ సుమారు ఒక సెంటీమీటరు. ఖాళీ తగ్గితే ఆకర్షణ పెరిగి రైలు పట్టాకు కొట్టుకుంటుంది. పెరిగితే ఆకర్షణ తగ్గి రైలు కింద కూలబడుతుంది. అందుకే పరికరాలు ఆ ఖాళీని ఎడతెగకుండా కొలుస్తూ, కరెంటును సరిచేస్తూ ఉంటాయి. చక్రాల రాపిడి లేకపోవడం వల్ల ఈ రైలు గంటకు 431 కిలోమీటర్ల వేగంతో నడిచింది.

మరి ఈ రైలును మోసేదెవరు? పట్టాలు! పట్టాలను స్తంభాలు, స్తంభాలను నేల. రైలు గాలిలో తేలినంత మాత్రాన స్తంభాలను సన్నగా కట్టడానికి ఏ ఇంజనీరూ ఒప్పుకోడు.

చలిలో పుట్టిన లఘిమ

రెండో దారి: మామూలుది కాని పదార్థం. 1911లో హాలండు శాస్త్రజ్ఞుడు కామర్లింగ్ ఓన్స్ పాదరసాన్ని సున్నకు దిగువన 269 డిగ్రీల సెంటీగ్రేడు దాకా చల్లబరచి చూశాడు. దానిలో కరెంటుకు ఉండే నిరోధం హఠాత్తుగా మాయమైంది. ఇలాంటి పదార్థాలను అతివాహకాలంటారు. 1933లో మైస్నర్, ఓక్సెన్‌ఫెల్డ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు ఇంకో వింత కనిపెట్టారు. అతివాహకం తనలోకి అయస్కాంత క్షేత్రాన్ని రానివ్వదు, బయటికి నెట్టేస్తుంది. కాబట్టి దాని మీద అయస్కాంతం పెడితే గాలిలో నిలబడుతుంది.

చాలాకాలం ఇది ఖరీదైన వినోదంగానే ఉండిపోయింది. ఎందుకంటే అంత చలి పుట్టించడానికి ద్రవ హీలియం కావాలి. 1986లో బెడ్‌నార్జ్, ముల్లర్ అనే ఇద్దరు కొత్త రకం అతివాహకాన్ని కనిపెట్టి, మరుసటి ఏడే నోబెల్ బహుమతి అందుకున్నారు. 1987లో ఇట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిసిన పింగాణీ వంటి పదార్థం ఒకటి సున్నకు దిగువన 180 డిగ్రీల దగ్గరే అతివాహకం అవుతుందని తెలిసింది. దీనికి ద్రవ నైట్రోజన్ చాలు. దాని చలి సున్నకు దిగువన 196 డిగ్రీలు. అప్పటినుంచి కాలేజీ ప్రయోగశాలల్లో కూడా అయస్కాంతాన్ని తేల్చి చూపించడం వీలైంది. (ద్రవ నైట్రోజన్ చేతికి తగిలితే ఒళ్ళు కాలినట్టే పాడవుతుంది. ఇది మీరు సొంతంగా చేసే ప్రయోగం కాదు.)

జపానులో అతివాహక తీగచుట్టలు అమర్చిన రైలు 2015 ఏప్రిల్ 21న పరీక్షా మార్గంలో గంటకు 603 కిలోమీటర్ల వేగం అందుకుంది. ఆ రైలు బయలుదేరేటప్పుడు చక్రాల మీదే పరుగెడుతుంది. తగినంత వేగం వచ్చాక, సుమారు 10 సెంటీమీటర్ల ఎత్తున తేలుతుంది.

కప్పగారి గగనవిహారం

ప్రాణంతో ఉన్న జీవిని తేల్చవచ్చా? తేల్చారు! 1997లో హాలండులోని నైమేఖెన్ నగరంలో ఆంద్రే గైమ్ అనే శాస్త్రజ్ఞుడూ ఆయన మిత్రులూ ఒక బుల్లి కప్పను గాలిలో నిలబెట్టారు.

కప్ప ఒంట్లో ఎక్కువ భాగం నీరు. నీటిని అయస్కాంతం ఆకర్షించదు. పైగా అతి స్వల్పంగా వికర్షిస్తుంది. ఇలాంటి గుణమున్న పదార్థాలను డయా అయస్కాంత పదార్థాలంటారు. ఈ గుణాన్ని 1845లోనే మైకేల్ ఫారడే పరిశీలించాడు. ఎర్న్‌షా సిద్ధాంతం వీటికి వర్తించదు. అయితే ఆ వికర్షణ ఎంత స్వల్పమంటే, మామూలు అయస్కాంతాలతో మన కంటికి ఆనదు. గైమ్ వాడిన విద్యుదయస్కాంతం బలం 16 టెస్లాలు. భూమి అయస్కాంత క్షేత్రానికి మూడు లక్షల రెట్లన్నమాట! అంత బలం ముందు కప్ప ఒంట్లోని ప్రతి నీటిబొట్టూ కొద్దికొద్దిగా పైకి నెట్టబడింది. కప్ప తేలింది. ప్రయోగం అయ్యాక క్షేమంగా బయటికి వచ్చింది.

కప్పను తేల్చినందుకు 2000 సంవత్సరంలో గైమ్‌కు 'ఇగ్ నోబెల్' అనే హాస్య బహుమతి ఇచ్చారు. ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది. పదేళ్ళ తర్వాత, 2010లో, గ్రాఫీన్ అనే పదార్థం మీద చేసిన పనికి ఆయనే అసలైన నోబెల్ బహుమతి కూడా అందుకున్నారు. నవ్వుతూ అడిగిన ప్రశ్న కూడా శాస్త్రమే అవుతుందని గైమ్ నిరూపించారు.

ఎవరూ మోయకపోతే?

"మోసేదెవరు?" అని అడిగితే, "ఎవరూ లేరు" అని జవాబు రావచ్చా? రావచ్చు. అలాంటప్పుడు వస్తువు కింద పడుతూ ఉండాలి.

1984 ఏప్రిల్‌లో మన రాకేశ్ శర్మ సోవియట్ వ్యోమగాములతో కలిసి సల్యూట్-7 అంతరిక్ష కేంద్రంలో సుమారు ఎనిమిది రోజులున్నారు. అక్కడ ఆయన యోగాసనాలు వేశారు. ఆసనం వేసి గాలిలో తేలిన మనిషి ఆయన! అయితే పక్కనే ఏ ఆసనమూ వేయని సోవియట్ వ్యోమగాములు కూడా అలాగే తేలుతున్నారు. పెన్నులూ, నీటిబొట్లూ కూడా తేలుతున్నాయి. కాబట్టి తేలడానికి కారణం ఆసనం కాదు.

అక్కడ గురుత్వాకర్షణ లేదని చాలామంది అంటారు. అది పొరపాటు. 400 కిలోమీటర్ల ఎత్తున కూడా నేలమీద ఉన్నదానిలో సుమారు 90 శాతం ఆకర్షణ ఉంటుంది. అంతరిక్ష కేంద్రం ప్రతి సెకనుకూ నాలుగు మీటర్లకు పైగా భూమి వైపు పడుతూనే ఉంటుంది. కాని అదే సెకనులో ఏడున్నర కిలోమీటర్లకు పైగా ముందుకు దూసుకుపోతుంది. భూమి గుండ్రంగా ఉండడం వల్ల, ఆ దూరంలో నేల కూడా అంతే కిందికి వంగిపోతుంది. అందువల్ల ఎంత పడినా నేల అందదు. గదీ, గదిలోని మనిషీ, మనిషి చేతిలోని పెన్నూ కలిసి ఒకే తీరున పడుతుంటే, గదిలో ఉన్నవారికి అన్నీ తేలుతున్నట్టే ఉంటుంది. 2021 జూలై 11న రాకెట్ విమానంలో వెళ్ళిన మన తెలుగమ్మాయి బండ్ల శిరీష, 2025లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్ళిన శుభాంశు శుక్లా తేలింది కూడా ఇలాగే.

మీ వీధిలో డాబాల మీద ఉన్న టీవీ డిష్షులన్నీ ఆకాశంలో ఒకే దిక్కుకు చూస్తుంటాయి. అక్కడ, భూమధ్యరేఖకు సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, ఒక ఉపగ్రహం కదలనట్టు నిలిచి ఉంటుంది. అచ్చం త్రిశంకుడే! నిజానికి అది సెకనుకు మూడు కిలోమీటర్ల వేగంతో పరుగెడుతూ, పడుతూ, భూమితో సమానంగా రోజుకొక చుట్టు తిరుగుతోంది.

ఇంతకీ తేలిన సూత్రం ఇది: గాలిలో కనిపించే వస్తువును ఎవరైనా మోస్తూ ఉండాలి, లేదా అది పడుతూ ఉండాలి. మూడో మాట లేదు.

మాయాబజారులో మోతగాళ్ళు

ఇప్పుడు ఇంద్రజాలికుల దగ్గరికి పోదాం. 1830 ప్రాంతంలో మద్రాసులో ఒకాయన గాలిలో కూర్చుని చూపించేవాడు. శేషాల్ అని ఆయన పేరు ఇంగ్లీషు పత్రికలకు ఎక్కింది. నేలకు కొన్ని అడుగుల ఎత్తున బాసిపట్టు వేసుకుని కూర్చునేవాడు. ఒక చేయి మాత్రం పక్కనే పీట మీద నిలబెట్టిన కర్రకు ఆనించి ఉండేది. కూర్చునేముందూ దిగేముందూ చుట్టూ దుప్పటి అడ్డం పట్టేవారు.

మోసేదెవరు? మీరే చెప్పగలరు. ఆ కర్ర! కర్రలోంచి బయలుదేరిన ఉక్కు కడ్డీ చొక్కా చేతిలోంచి ఒంటి వెంట దిగి, బట్టల కింద పీటలా అమరుతుంది. చేయి కర్రకు ఆనిందని మనం అనుకుంటాం. నిజానికి మనిషంతా కర్రకే వేలాడుతున్నాడు. 1847లో పారిస్ నగరంలో రాబర్ట్ హూడీన్ అనే ప్రసిద్ధ ఇంద్రజాలికుడు తన చిన్న కొడుకును ఒక్క మోచేయి ఆధారంతో గాలిలో పడుకోబెట్టాడు. శస్త్రచికిత్సలో ఈథరు వాడడం అప్పుడే కొత్తగా వచ్చింది. ఈథరు మహిమ వల్లే పిల్లవాడు తేలికయ్యాడని చెప్పి, ఆ వాసన కూడా హాలంతా వ్యాపింపజేశాడు. కొత్త శాస్త్రం పేరు చెబితే జనం సులువుగా నమ్ముతారని ఆయనకు తెలుసు!

ఈ రోజుల్లో వీధుల్లో ఇలా కూర్చునేవారిని చూస్తే, కింద పరచిన చాప వైపు చూడండి. చాప కింద వెడల్పాటి బరువైన ఇనుప పలక ఉంటుంది. మనిషీ, కడ్డీ, పలకా అన్నీ కలిపిన గరిమనాభి ఆ పలక మీదుగా ఉంటేనే బోర్లా పడకుండా ఉంటాడు. చాప తీయమంటే తీయడు!

మన సురభి నాటకాలు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టాయి. తాళ్ళతో, తీగలతో వేషధారులను రంగస్థలం మీద గాలిలో నడిపించడంలో వారు ఘనులు. 1957 నాటి 'మాయాబజార్' సినిమాలో లడ్డూలు వాటంతట అవే ఘటోత్కచుడి నోట్లోకి ఎగురుతాయి. చూసి ఎంత ఆనందిస్తాం! అందులో మోసం లేదు. ఇది నాటకమనీ, సినిమా అనీ ముందే చెప్పారు. మాయ అని చెప్పి మాయ చేసేవాడు కళాకారుడు. అదే మాయను మహిమ అని చెప్పి కాళ్ళు మొక్కించుకునేవాడు, డబ్బు గుంజుకునేవాడు మోసగాడు. జబ్బుపడిన బిడ్డను ఆస్పత్రికి తీసుకుపోకుండా 'గాలిలో తేలే స్వామి' దగ్గరికి తీసుకుపోతే, నష్టపోయేది డబ్బు మాత్రమే కాదు.

"ఫొటో ఉంది కదా!" అంటారు కొందరు. ఫొటోను కూడా ప్రశ్నించవచ్చు. నేలనుంచి 30 సెంటీమీటర్లు ఎగిరినవాడు సుమారు అర సెకను గాలిలో ఉంటాడు. ఫొటో తీయడానికి సెకనులో నూరోవంతు చాలు. బాసిపట్టు వేసుకుని కప్పలా గెంతినవాణ్ణి సరైన క్షణంలో ఫొటో తీస్తే, ప్రశాంతంగా తేలుతున్నట్టే ఉంటుంది. మీ స్నేహితుణ్ణి గెంతమని ఫోనుతో ఒక ఫొటో తీసి చూడండి. జుట్టూ, చొక్కా అంచులూ పైకి లేచి ఉన్నాయేమో గమనించండి. అవే సాక్ష్యం చెబుతాయి.

కేరళలో పుట్టి శ్రీలంకలో ఉపాధ్యాయుడుగా పనిచేసిన అబ్రహాం కోవూర్, మోసానికి వీలులేని పరిస్థితుల్లో మహిమ చూపినవారికి లక్ష శ్రీలంక రూపాయలిస్తానని 1963లో ప్రకటించారు. యోగశక్తితో గాలిలో తేలడం కూడా ఆయన పెట్టిన పరీక్షల జాబితాలో ఉంది. 1978లో ఆయన చనిపోయేవరకు ఆ లక్ష ఎవరూ గెలుచుకోలేదు.

మనిషి తేలాలని కలగనడం తప్పు కాదు. ఆ కలే బుడగ అయింది, రైలు అయింది, రాకెట్ అయింది. కల కన్నవాళ్ళు బరువును లేదనుకోలేదు. బరువెంతో కొలిచారు. మోయడానికి గాలినో, అయస్కాంతాన్నో, రాకెట్టునో కుదిర్చారు. అందుకే వాళ్ళ మేడలు గాలిలో మేడలు కాలేదు.

ఈసారి ఎవరైనా మీకు గాలిలో తేలే వింత చూపిస్తే చప్పట్లు కొట్టండి. కొట్టాక, మర్యాదగానే, మన ప్రశ్న అడగండి.

ఆలోచించండి

1. మూత గట్టిగా బిగించిన గాజు సీసాలో ఈగ ఉంది. సీసాను సున్నితమైన కాటా మీద పెట్టారు. ఈగ అడుగున కూర్చున్నప్పటికీ, సీసా మధ్యలో ఒకేచోట ఎగురుతున్నప్పటికీ బరువులో తేడా ఉంటుందా?

2. కాటా మీద బకెట్టు నిండా కాక, కొంచెం వెలితిగా నీళ్ళున్నాయి. దారానికి కట్టిన రాయిని, అడుగుకు తగలకుండా, నీటిలో వేలాడదీశారు. కాటా చూపే బరువు మారుతుందా?

3. 80 కిలోల మనిషిని గాలి ఎన్ని గ్రాముల మేరకు మోస్తోంది?

జవాబులు: 1. ఉండదు. ఎగిరే ఈగ గాలిని కిందికి నెడుతుంది, ఆ గాలి సీసా అడుగును నెడుతుంది. 2. పెరుగుతుంది. రాయి తొలగించిన నీటి బరువెంతో అంత పెరుగుతుంది. రాయిని ఆ మేరకు నీరు మోస్తోంది, నీటిని బకెట్టు మోస్తోంది. 3. సుమారు 96 గ్రాములు.